కొలిమి మీద బిందెడు నీళ్ళు

కొలిమి మీద నీళ్ళు పోసింది నేను కాదు. ఇరవై ఏళ్ళు దాటింది. రాయ్‌పూర్ గుఢియారీలో రైలు పట్టాల పక్కన నన్నెరిగిన ప్రతివాడూ నేనే పోశాననుకుంటున్నాడు. నేను పోయలేదు. బిందె ఎత్తలేదు, ముట్టుకోలేదు, నీళ్ళు పడిన సమయానికి నేను బీర్‌గావ్‌లో మా ఇంటి వసారాలో అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాను. అయినా 'బిందె బావ' అన్న పేరు నాకు అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. మొన్న ఒక శుభకార్యంలో ముక్కూ మొహం తెలియని కొత్త చుట్టాలకి నన్ను ఆ పేరుతోనే పరిచయం చేశారు. అందుకే ఇవాళ కలం పట్టుకున్నాను. చదివేవాళ్ళు మనసున్నవాళ్ళనీ, ఒక మనిషి మొర పెట్టుకుంటే చివరిదాకా వింటారనీ నా నమ్మకం.

ఆ రోజుల్లో మా రాయ్‌పూర్‌కి కొత్తగా రాజధాని హోదా వచ్చింది. ఊరికి హోదా వచ్చిన కొన్నాళ్ళకే నాకు ఉద్యోగం పోయింది. ఈ రెంటికీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు గాని, అప్పట్లో మాత్రం ఢిల్లీలో ఎవరో పనిగట్టుకుని నా మీద కక్ష తీర్చుకున్నారనిపించేది. బీర్‌గావ్ అవతల ఒక చిన్న ఇనుప మిల్లులో పద్నాలుగేళ్ళు చేశాను. ఒక పొద్దున్న సైకిలు దిగేసరికి గేటుకి తాళం వేసి ఉంది. నాకప్పటికి నలభై ఆరు. ఇలాంటి కబుర్లు రాసేవాళ్ళంతా 'నా కుర్రతనంలో' అని మొదలుపెడతారు. నాకు కుర్రతనం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు చూసుకునే తీరిక లేకపోయింది. రెండోది నలభై ఆరో ఏట, గుఢియారీలో ఒక కమ్మరి కొలిమి దగ్గర పని నేర్చుకోవడానికి చేరినప్పుడు మొదలైంది. కొత్తగా పనిలో చేరినవాడికి ఉండే జబ్బులన్నీ, అంటే ఉత్సాహం, తొందర, అన్నీ నాకు ముందే తెలుసన్న ధీమా, వయసుకి తగ్గట్టు నాకు మూడు రెట్లు ఎక్కువ ఉండేవి.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతటికీ సగం కారణం అదే. బడిలో చదివింది మూడో తరగతి. తర్వాతదంతా నా సొంతం. మా నాన్న ఊరి నుంచి బెల్లం, అటుకులు చుట్టి తెచ్చిన పేపరు ముక్కల మీద తెలుగు నేర్చుకున్నాను. మిల్లు గోడల మీది బోర్డుల దగ్గర హిందీ నేర్చుకున్నాను. కంటికి కనబడ్డ అక్షరాన్ని చదవకుండా వదిలేవాణ్ణి కాదు. మందు సీసా మీది చీటీ నుంచి రైలు పెట్టె మీది సుద్దరాత దాకా అన్నీ చదివి, చదివిందాన్ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. (అడిగినవాళ్ళు తక్కువ.)

ఉస్తాద్ నాకంటే పదేళ్ళు చిన్న. రాయ్‌పూర్‌లో పనిమంతుణ్ణి ఉస్తాద్ అనడం మామూలు కాబట్టి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. వాళ్ళ నాన్న పలాస వైపు నుంచి వచ్చి పట్టాల పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు ముందు భాగం కొలిమి, వెనక భాగం ఇల్లు. ఉస్తాద్ భార్యది మా అమ్మ పుట్టిన ఊరి పక్క ఊరు. ఆ సంగతి తెలిసిన మొదటి రోజే ఆమె నన్ను 'అన్నియ్యా' అనేసింది, దాంతో నేను ఆమెని 'చెల్లెమ్మా' అనక తప్పలేదు, దాంతో ఉస్తాద్ నన్ను 'బావా' అనక తప్పలేదు. అలా శిష్యుడిగా చేరిన గంటకి నేను గురువుగారికి బావనై, ఆయన చేత తిట్లు తినడానికీ ఆయన్ని ఎదిరించడానికీ రెంటికీ హక్కు సంపాదించుకున్నాను. మేస్త్రీలు వాడే ఉలులు, గునపాలు పదును పెట్టడం, గేట్లకి మడతబందులు చెయ్యడం మా పని. రాజధాని కడుతున్న రోజులు కాబట్టి ఊళ్ళో ఉన్న ప్రతి గునపమూ మా దగ్గరికే వచ్చినట్టుండేది.

కొలిమి మధ్యలో ఒక పోత ఇనుప గిన్నె. అది ఉస్తాద్ వాళ్ళ నాన్న రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గిన్నె. నిప్పు అందులోనే. దాని అడుగు నుంచి గొట్టం, గొట్టం చివర చేత్తో తిప్పే పంఖా. ఆ పంఖా తిప్పడం మొదటి ఏడాదంతా నా ఉద్యోగం. సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు ఉస్తాద్ నిప్పునంతా మధ్యకి పోగు చేసి, పైన బూడిద దుప్పటిలా కప్పేవాడు. నేను ఊరుకోగలనా? మొదటి వారమే అడిగాను.

"ఉస్తాద్, నిప్పు ఆర్పకుండా వెళ్ళిపోతున్నాం. ఇది ప్రమాదం కాదా?"

"ఆర్పేస్తే పొద్దున్న మళ్ళీ ఎవులు ముట్టిస్తారు, నువ్వా? బూడిద కప్పితే కింద నిప్పు తెల్లారిందాకా బతికుంటాది బావా. పొద్దున్న నాలుగు తిప్పులు తిప్పు, అదే లేస్తాది."

"మా మిల్లులో వరసగా ఎర్ర బకెట్లు ఉండేవి. 'ఆగ్' అని రాసి ఉండేది. నిప్పుకి నీళ్ళే మందు. బిందెడు నీళ్ళు పోస్తే క్షణంలో పని అయిపోతుంది కదా."

ఉస్తాద్ సుత్తి కింద పెట్టాడు. "నీ మిల్లోడికి ఇలాంటి గిన్నెలు వందుంటాయి. నాకు ఒక్కటుంది. కాలిన పోత ఇనుము మీద సన్నీళ్ళు పడితే టక్కున సీలిపోద్ది. ఆవిరి లేసి నిప్పులు మొకం మీదికి ఎగురుతాయి. నీళ్ళూ గీళ్ళూ అన్నావంటే నిన్ను పంఖా మీద నుంచి కూడా తీసేస్తాను."

(ఆ ఎర్ర బకెట్లలో ఉండేది ఇసుక అని తర్వాత ఒక పాత మిల్లు మిత్రుడు చెప్పాడు. పద్నాలుగేళ్ళు వాటి పక్కనే కూర్చుని క్యారేజీ విప్పుకున్నాను. ఒక్క రోజూ లోపలికి తొంగి చూడలేదు. పైన రాసింది చదివితే చాలనుకున్నాను.)

అది తెలిసేలోపు నేను చెయ్యాల్సిన నష్టం చేసేశాను. టీ కొట్టు దగ్గర, పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే ఛత్తీస్‌గఢీ పెద్దమనిషి దగ్గర (మేమంతా ఆయన్ని దాదా అనేవాళ్ళం), గునపాలు తెచ్చే మేస్త్రీల దగ్గర, నిప్పుకి నీళ్ళే శాస్త్రీయమైన మందని, ఉస్తాద్ మంచివాడే గాని పుస్తకజ్ఞానం లేదని, అర్థమయ్యేలా విడమరిచి చెప్పాను. హిందీలో చెప్పాను. బల్ల మీద వేలితో బొమ్మ గీసి మరీ చెప్పాను. నా మీద సాక్ష్యాలన్నీ నేనే ముందుగా తయారు చేసి ఊరందరికీ పంచిపెట్టానని అప్పుడు నాకేం తెలుసు?

నేను చేరిన పదకొండో నెలలో విశ్వకర్మ పూజ వచ్చింది. మా వైపు కార్ఖానాలన్నీ, దుకాణాలన్నీ ఆ రోజు పనిముట్టు ముట్టవు. కడిగి, తుడిచి, బొట్టు పెట్టి, వాటి ముందు కొబ్బరికాయ కొట్టి కూర్చుంటాం. ఉస్తాద్ వాళ్ళింట్లో దానికి ఇంకొక పద్ధతి ఉంది. ఏడాది పొడుగునా బూడిద కింద బతికుండే కొలిమి ఆ ఒక్క రోజు పూర్తిగా చల్లారాలి. తెల్లవారాక ఇంటి ఇల్లాలు స్నానం చేసి వచ్చి, ఆ గిన్నెకి తన చేత్తో పసుపు రాయాలి. ఆ తర్వాతే మిగతా పూజ.

ముందు రోజు మూడు గంటలకే ఉస్తాద్ చేతులు కడుక్కున్నాడు. పూలకీ కొబ్బరికాయలకీ బజారుకి వెళ్ళాలి. సంచీ తీసుకుని నా వైపు తిరిగి, "బావా, ఈ పొద్దు కొలిమి నువ్వే సల్లార్చు" అన్నాడు.

నేను పంఖా వదిలేసి నిలబడ్డాను. నలభై ఆరేళ్ళలో, నిజం చెప్తున్నాను, నన్ను నమ్మి ఎవరూ అంత మాట అనలేదు. మిల్లులో పద్నాలుగేళ్ళు చేసినా స్టోరు తాళంచెవి ఒక్కరోజు నా చేతికి ఇవ్వలేదు.

"విను. పంఖా ఆపు. ఆపిన యెంటనే గొట్టం అడుగునున్న మూత తీసెయ్యి. తియ్యకపోతే బొగ్గు పొగ గొట్టంలో దూరి కూకుంటాది, మళ్ళీ తిప్పినప్పుడు ఢామ్మంటాది. గిన్నెలో నిప్పులన్నీ, అన్నీ అంటే అన్నీ, ఇటుకల మీదికి లాగి దూరం దూరంగా పరిసెయ్యి. దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి బతికించుకుంటాయి. అడుగున గడ్డకట్టిన సిట్టెం పట్టకారుతో తీసి ఇనప తట్టలో ఎయ్యి. ఇటుకల మీదున్న నిప్పుల మీద సేత్తో సిన్నగా సిలకరించు, గిన్నెలో సుక్క పడకూడదు. బొగ్గు బస్తాలు గోడవారకి జరుపు. తలుపు రెక్క ఒకటి తీసే ఉంచు, పొగ పోవాలి. అంతా అయినాక, సెయ్యి తిరగేసి, ఎనకభాగం గిన్నెలో పెట్టి, ముట్టుకోకుండా, పది దాకా లెక్కెట్టు. పది దాకా సెయ్యి నిలిసిందా, సల్లారినట్టు. నిలవలేదా, కూకో. టీ తాగు. మళ్ళీ లెక్కెట్టు. పొద్దున్న మీ సెల్లి సెయ్యి పెట్టాలి అక్కడ, గురుతుంచుకో."

(ఆ పది అంకెల సంగతికి మళ్ళీ వస్తాను. తొందరేం లేదు.)

ఆ సాయంత్రం నేను చేసిన పని ఎవరైనా చూసి ఉంటే ఈ రోజు నాకు ఈ రాత తప్పేది. పంఖా ఆపాను. అడుగు మూత తీశాను; పొగ ఒక పాయగా కిందికి జారి బయటికి పోవడం కళ్ళారా చూశాను. నిప్పులు లాగి ఇటుకల మీద పరిచాను. గిన్నె అడుగున మూలల్లో నాలుగు పిడికెళ్ళు మిగిలాయి, లాగుడుకమ్మి వాటికి సరిగ్గా అందలేదు, అంత ఎర్రగా కూడా లేవు, అవే పోతాయిలే అనుకున్నాను. చిట్టెం తీశాను, బస్తాలు జరిపాను, నీళ్ళు పురోహితుడు అక్షింతలు వేసినంత పొదుపుగా చిలకరించాను. గిన్నెలో ఒక్క చుక్క పడలేదు. ఈ విషయం మాత్రం ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్తాను.

అంతటితో ఊరుకున్నానా? లేదు. పూజ పొద్దున కొలిమి బోడిగా కనబడకూడదనిపించింది. మెత్తటి బూడిద జల్లించి, గిన్నె నిండా, చుట్టూ అంచుల దాకా, పొయ్యి అలికినంత సమంగా పరిచాను. అరచేత్తో మెత్తగా తట్టాను. అప్పటికీ తృప్తి కలగలేదు. సరిగ్గా గిన్నె నడిమధ్య మీద చూపుడువేలితో ఎనిమిది రేకుల పువ్వు గీశాను. మా అమ్మ గడప ముందు వేసే పువ్వు అది. నేను అడుగుతున్నాను, నీళ్ళు కుమ్మరించే మనిషి పువ్వు గీస్తాడా? ఈ ఒక్క ప్రశ్నకి ఇరవై ఏళ్ళుగా ఎవరూ జవాబు చెప్పలేదు.

తర్వాత చెయ్యి తిరగేసి లెక్కపెట్టాను. ఎంతవరకు అన్నది మాత్రం ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. నా జ్ఞాపకశక్తి గురించి నన్నెరిగినవాళ్ళని అడగండి. మిల్లులో చేరిన మొదటి రోజు క్యారేజీలో బీరకాయ కూర ఉందనీ అందులో ఉప్పు తక్కువైందనీ ఈనాటికీ చెప్పగలను. కాని ఆ అంకె ఒక్కటి జారిపోయింది. ఐదు దగ్గరో ఆరు దగ్గరో ఒక గూడ్సు బండి వచ్చింది, షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి, ఆ చప్పుడులో మిగిలిన అంకెలు మనసులో లెక్కపెట్టుకున్నాననే నా అభిప్రాయం. అదీగాక కొలిమిని ఒంటరిగా నా చేతికి అప్పగించారన్న వార్త నా కడుపులో ఆగడం లేదు. అది వెంటనే ఎవరికైనా చెప్పకపోతే ప్రాణానికి ముప్పు వచ్చేలా ఉంది. వీధి తలుపు రెక్క ఒకటి తీసే ఉంచి, టీ కొట్టుకి పరిగెత్తాను.

టీ కొట్టు దగ్గర దాదా ఉన్నాడు. "ఈ రోజు కొలిమి నేనే చల్లార్చాను" అన్నాను, అడగకుండానే.

"కైసే బుతాయెవ్ బాబూ? పానీ డారేవ్ కా?" అన్నాడు దాదా నవ్వుతూ. ఎలా ఆర్పావు, నీళ్ళు పోశావా అని.

అప్పుడు నేను 'లేదు' అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనలేదు. పని తెలిసినవాడు అడిగినదానికల్లా జవాబు చెప్పడని నాకప్పుడు ఒక అభిప్రాయం ఉండేది. కాబట్టి గ్లాసు ఎత్తి, సగం కళ్ళు మూసి, మర్మంగా ఒక చిరునవ్వు నవ్వాను. మర్నాడు ఆ చిరునవ్వే నా కొంప ముంచింది.

మర్నాడు గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, సైకిలు హ్యాండిలుకి కొబ్బరికాయ సంచీ తగిలించుకుని, సన్నటి వానలో గుఢియారీ చేరాను. దుకాణం ముందు మనుషులు మూగి ఉన్నారు. నన్ను చూడగానే దారి ఇచ్చారు. నన్ను మెచ్చుకోవడానికి వచ్చారేమోనన్న ఆలోచన కూడా ఒక్క క్షణం వచ్చింది, దాచను.

లోపల పోత ఇనుప గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీలి ఉంది. నా పువ్వు లేదు. ఇటుకల మీద, గోడ మీద, దేవుడి పటం అద్దం మీద కూడా బూడిద బురద చిట్లి ఉంది. పక్కన పసుపు పళ్ళెం. ఆ పక్కన ఖాళీ బిందె, ఏమీ ఎరగనట్టు నిటారుగా కూర్చుని.

"బావా!" అన్నాడు ఉస్తాద్. "నీళ్ళు పొయ్యొద్దని ఎన్నిసార్లు సెప్పినాను?"

"నేను పొయ్యలేదు!"

"మరి నీళ్ళెలా వచ్చినాయి? గూడ్సు బండి తెచ్చిందా?"

"వాన!" అన్నాను. రేకులకి రెండు చిల్లులున్న మాట నిజం. అందరూ తలెత్తి పైకి చూశారు. చిల్లులు రెండూ తలుపు దగ్గర ఉన్నాయి, కొలిమి మీద లేవు.

"వాన బిందెతో పడతాదేటి?" అన్నాడు ఉస్తాద్.

అక్కడ ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చుట్టూ చూస్తే దాదా కనబడ్డాడు. తలుపు రెక్క తీసి ఉంది, పక్క షెడ్డు ఆయనది, బిందె ఎత్తే సత్తువ ఆయనకి ఉంది. ఇంకేం కావాలి? వేలు చూపించి, "ఈయన్ని అడగండి!" అన్నాను.

దాదా రెండు చెవులూ పట్టుకున్నాడు. "మైఁ నఇ డారేఁవ్ బాబూ!" అన్నాడు, నేను పొయ్యలేదని. ఆ తర్వాత హిందీలో, అందరికీ వినబడేలా, "నిన్న టీ కొట్టు దగ్గర నీళ్ళు పోశావా అని నేనే అడిగాను. ఈయన ఇలా నవ్వాడు" అని, సగం కళ్ళు మూసి నా చిరునవ్వు నవ్వి చూపించాడు. అచ్చం నాలాగే నవ్వాడు. అంతే, విచారణ ముగిసింది.

చెల్లెమ్మ ఇంటి గుమ్మం దగ్గర కొంగు నిండా కప్పుకుని నిలబడి ఉంది. పూజ రోజు కదా, చేతికి పసుపు పూసుకుంది. కుడిచేతి రెండు వేళ్ళకి మరీ దట్టంగా, ముద్దలా ఉంది పసుపు. నా వైపు ఒకసారి చూసి, భర్త వైపు తిరిగింది. "పూజ పూట కేకలేటి? గిన్నె పోతే పోనాది. మనుసులం బాగున్నాం కదా. కొబ్బరికాయ కొట్టండి ముందు" అంది. ఆమె అలా అడ్డం పడకపోతే ఆ రోజే నా రెండో కుర్రతనం ముగిసిపోయేది.

భోజనాల దగ్గర నా విస్తట్లో అందరికంటే రెండు బూరెలు ఎక్కువ పడ్డాయి. నేను వద్దంటే మూడోది వేసింది, అదీ ఎడమచేత్తో గరిటె పట్టుకుని. ఇంతమందిలో నేను నిర్దోషినని తెలిసిన మనిషి ఈమె ఒక్కతే అనుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగి, నెయ్యి కూడా వేయించుకున్నాను. ఉస్తాద్ కోపం కూడా బూరెలతో పాటే అయిపోయింది. చెయ్యి కడుక్కుంటూ నా భుజం మీద చరిచి, "లే బిందె బావా, గిన్నె లేకపోతే ఏటి, మా తాతోళ్ళకి గిన్నెలెక్కడివి" అన్నాడు. మూడు రోజుల్లో మట్టీ ఇటుకా పేర్చి గుంటలాగ కొలిమి కట్టాడు. అది ఆ గిన్నె కంటే బాగానే మండింది. చీలిన గిన్నె రెండు ముక్కలూ మాత్రం తుడిచి, వాళ్ళ నాన్న ఫోటో కింద పెట్టుకున్నాడు. వాటిని చూసినప్పుడల్లా నేను తల తిప్పుకునేవాణ్ణి, పొయ్యనివాణ్ణి అయినా.

పేరు ఒక్కటే అయితే భరించేవాణ్ణి. నన్ను కోసింది వేరే సంగతి. ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్ళు అక్కడే చేశాను. పని నేర్చుకున్నాను, నేను పదును పెట్టిన ఉలి కావాలని అడిగి మరీ పట్టుకెళ్ళే మేస్త్రీలు ఉండేవాళ్ళు. కాని తొమ్మిది విశ్వకర్మ పూజలొచ్చాయి, తొమ్మిదిసార్లూ ముందురోజు సాయంత్రం ఉస్తాద్ ఎంతో ప్రేమగా, "నువ్వు పంఖా ఆపి సేతులు కడుక్కో బావా, మిగతాది నాను సూసుకుంటాను" అనేవాడు. నేను చేతులు కడుక్కునేవాణ్ణి. తలుపు పక్కన నిలబడి ఆయన చెయ్యి తిరగేసి పది లెక్కపెట్టడం చూసేవాణ్ణి. ఆయన పది దాకా లెక్కపెట్టేవాడు, గూడ్సు బండి వచ్చినా ఆపేవాడు కాదు.

తర్వాత నా కుడిభుజం మొరాయించింది, పని మానేశాను. ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. మొన్న ఉస్తాద్ కూతురి నిశ్చితార్థానికి పిలిస్తే ఆ తెల్లచొక్కా లాంటిదే ఇంకొకటి వేసుకుని వెళ్ళాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని మగపెళ్ళివారి దగ్గరికి తీసుకెళ్ళి, "ఈయనే మా బిందె బావ" అన్నాడు గర్వంగా. పెళ్ళికొడుకు తండ్రి లేచి నిలబడి, "ఓహో, కొలిమి మీద నీళ్ళు పోసింది మీరేనా! మా అబ్బాయి చెప్పాడు" అని రెండు చేతులతో నమస్కారం పెట్టాడు. అంటే కథ ఇంకో తరానికి, ఇంకో ఇంటికి చేరిపోయిందన్నమాట.

ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను. ఆ రాత్రీ మర్నాడు పొద్దున్నా నేనెక్కడున్నానో రాశాను. దాదా మీద నాకున్న అనుమానాలు ఏడు రాశాను. బూడిద ఎంత సమంగా పరిచానో, పువ్వుకి ఎన్ని రేకులున్నాయో, అది ఎంత శ్రద్ధగల మనిషి పనో ఒక పేజీ నిండా రాశాను. నాలుగు పేజీలకీ ఫోనులో ఫోటో తీసి (ఇదీ నా అంతట నేను నేర్చుకున్నదే) ఉస్తాద్‌కి పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది: పైకెత్తిన బొటనవేలు. 'బొటనవేలు జవాబు కాదు, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి' అని మళ్ళీ రాశాను. రెండో బొటనవేలు వచ్చింది.

మూడు రోజుల తర్వాత చెల్లెమ్మ గొంతు వచ్చింది. ఆమెకి రాయడం రాదు, ఫోనులో మాట్లాడి పంపింది. నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారి మా ఆవిడ కూడా విని, వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే నవ్వుకుంది. నాకు కోపం రావాలి, ఎంతసేపు చూసినా రాలేదు. తెల్లచొక్కా వేసుకుని, హ్యాండిలుకి కొబ్బరికాయ తగిలించుకుని, మెచ్చుకుంటారేమోనని వానలో సైకిలు తొక్కుకొస్తున్న ఆ నలభై ఆరేళ్ళ కుర్రాడు కళ్ళ ముందు కనబడ్డాడు. పిలిచి ఆపి ఏదో చెప్దామనిపించింది గాని, వాడు ఎవరి మాటా వినే రకం కాదు. దాదా పోయి రెండేళ్ళయింది. ఆయన షెడ్డు వైపు తిరిగి మాత్రం ఒక దణ్ణం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ నా ఫిర్యాదుకి చివరికి వచ్చిన జవాబు ఇది. ఆమె అన్నది అన్నట్టు, ఒక్క అక్షరం దిద్దకుండా రాస్తున్నాను.

"అన్నియ్యా, నీ నాలుగు పేజీలూ పిల్ల సేత సదివించుకున్నాను. ఆ దాదాని ఇంక ఏటీ అనకు, పాపం. నీళ్ళు పోసింది నానే. పొద్దున్నే పసుపు రాద్దామని వచ్చినాను. బూడిద మీద నువ్వేసిన పువ్వు సూసి ఎంత ముచ్చటేసిందో. దాని మజ్జిన పసుపు బొట్టు పెడదామని రెండు వేళ్ళు ఆనించినాను, సుర్రుమన్నాది. కింద నిప్పు నిక్షేపంలాగుంది అన్నియ్యా. రోజూ ఎలా కప్పుతామో అలా కప్పేసినావు కదా, సావమంటే ఎలా సస్తాది? బెదిరిపోయి పక్కనున్న బిందె ఎత్తి పోసేసినాను, ఢామ్మన్నాది. ఆయన రాత్రి ఎనక దారినే ఇంట్లోకొచ్చి కొలిమి సూడనేదు, పొద్దున్న సానానికి పోయున్నాడు, అందుకే సాయంత్రమే నువ్వు పోసేసినావనుకున్నాడు. ఆ గిన్నె మా మామది. నానని సెప్తే ఆయన ఏడాదంతా తలుసుకుంటాడు, నీ మీదైతే బూరెలు తినేసరికి మరిసిపోతాడని నోరు మూసుకున్నాను. అది నా తప్పు. మూడు బూరెలతో తీరేది కాదని నాకూ తెలుసు. నీళ్ళు నావి, నిప్పు నీది, సెరి సగం. నిన్న మీ ఉస్తాదుకి అంతా సెప్పేసినాను. నవ్వి నవ్వి కూకుండిపోయినాడు. ఈ పూజకి కొలిమి నువ్వే సల్లార్చాలంట, తానే సెప్పమన్నాడు. పువ్వు కూడా వెయ్యి, కాని సల్లారినాక వెయ్యి. పది దాకా నాను పైకి లెక్కెడతాను. బండి వచ్చినా ఎవులొచ్చినా, నువ్వు మాత్రం సెయ్యి తియ్యకు."